ఖుబానీ ఎండ

కీరా ముక్క జారుతోంది, ఎడమ కంటి మీదిది, చల్లగా ముక్కు పక్కకి దిగుతోంది, పట్టుకుందామంటే చేతులు కదపొద్దంది నానమ్మ, నోరైతే అసలే కదపొద్దంది, కదిపితే పెరుగు పూత పగులుతుందట, పగిలిన చోట ఒక రంగూ పగలని చోట ఇంకో రంగూ వస్తాయట, ఇప్పుడున్న రెండు రంగులు చాలవా ఈ ముఖానికి, నుదురేమో మీగడ, కనుబొమల కింది నుంచి గడ్డం దాకా తందూరులో కాస్త ఎక్కువసేపు ఉండిపోయిన రొట్టె, రెండింటి మధ్యా రుమాలు కట్టిన గీత, ఇరవై రోజులు ఖుబానీ పండ్ల కోత, ఇరవై రోజులూ నిచ్చెన మీదే, రుమాలు కనుబొమల దాకా లాగి కట్టుకుంది గానీ చెంపలకెవరు కడతారు రుమాలు, నానమ్మ ఏరి కోరి పెట్టిన పేరు మునవ్వర్, వెలుగుతూ ఉండేది అని అర్థం, ఆ వెలుగు కాస్తా ఇప్పుడు నుదుటి దగ్గరే ఆగిపోయింది, ఎల్లుండే పెళ్లి, ఆ మర్నాడు పొద్దున్నే అత్తగారి వాకిట్లో ముఖం తెరిచే వేడుక, ఎవరో చిన్నపిల్ల పండ్ల కొమ్మతో మేలిముసుగు పైకెత్తుతుంది, వాడకట్టు ఆడవాళ్లంతా మెడలు చాస్తారు, ముసుగు లేస్తూ లేస్తూ ముందు గడ్డం, తర్వాత చెంపలు, నల్లగా, తర్వాత హఠాత్తుగా తెల్లటి నుదురు, అయ్యో ఈ పిల్లని రెండు ముక్కలుగా కుట్టారేమిటే అని ఎవరో ఒకరు అననే అంటారు.

అననీ, అంటే నవ్వేయొచ్చు, మునవ్వర్‌కి నోరు లేకపోలేదు, కోతకి వచ్చిన లారీ డ్రైవర్లే ఆమె నోటికి దడుస్తారు, కానీ ఈ నల్లదనం వెనక ఒక అబద్ధం ఉంది, భయమంతా దానికే, ఫిబ్రవరిలో చెప్పిన అబద్ధం, పెళ్లికొడుకు తల్లి సలోమత్ అత్త పెళ్లి మాట మాట్లాడడానికి వచ్చిన రోజు, బయట మంచు, లోపల గదిలో పొయ్యి భగభగ, మునవ్వర్ టీ పోస్తుంటే ఆవిడ పియాలా వంక కాకుండా ముఖం వంకే చూసింది, చూసి చూసి, ఎంత తెల్లగా ఉన్నావే అమ్మాయ్ అంది, చలికాలంలో ఎవరైనా తెల్లబడతారు, మునవ్వర్ సిగ్గుపడింది, పొంగిపోయింది కూడా, అంతలో ఆవిడ కళ్లు చిన్నవి చేసి, మీ ఇంట్లో నిచ్చెన ఎక్కేది ఎవరు, నువ్వేనా అని అడిగింది, ఆ అడగడంలో ఏదో ముల్లు, చెట్లెక్కే పిల్ల మాకెందుకు అన్నట్టు, అంతే, నోటికి దడుపు అనేదే లేని మునవ్వర్ నేనా, అబ్బే, నేనెందుకు ఎక్కుతానండీ, నేను ఇంట్లోనే ఉంటాను, కుట్లూ అల్లికలూ అంది, సూదిలో దారం ఎక్కించడం కూడా సరిగా రాదు, ఆవిడ ఊఁ అంది, ఇక టీ చాలన్నట్టు పియాలా బోర్లించేసింది, లేవబోయింది, తర్వాత ఏమైందో ఏమో మళ్లీ కూర్చుంది, సంబంధం కుదిరిపోయింది, ఆ అబద్ధం ఇప్పుడు రెండు చెంపల మీదా ఎక్కి కూర్చుంది, ముసుగు లేవగానే అందరికంటే ముందు సలోమత్ అత్తకే కనబడుతుంది, కుట్లూ అల్లికలూ ఎక్కడ చేశావే పిల్లా, చెట్టు మీదా అని.

పోనీ త్వరగా పోతుందా అంటే, అందరి చర్మాల్లాంటిదా ఇది, గట్టిగా చూస్తే కందిపోయే రకం, మొదటి రోజు షోయిరా వదిన, అన్నయ్య భార్య, ఫోన్‌లో ఎవరో చెప్పిందని నిమ్మరసంలో వంటసోడా కలిపి పూసింది, అబ్బో, ఆ మంట, పెరట్లో కుళాయి దాకా పరుగెత్తి తల పెట్టేసింది, సాయంత్రానికి చెంపలు మందారాలు, రెండో రోజు టమాటా, దురద, నానమ్మ వచ్చి వదిన చేతిలోంచి ఫోన్ లాక్కుని, ఏమే, ఆ పెట్టెలో ఉన్నావిడకి మన పిల్ల చర్మం సంగతి తెలుసా, చెంప అనుకున్నావా ఇత్తడి గిన్నె అనుకున్నావా తోమడానికి అని వాయించి పారేసింది, అప్పట్నుంచి వైద్యం నానమ్మది, పుల్లటిదేదీ దగ్గరికి రానివ్వదు, కమ్మటి పెరుగు, మెత్తగా జల్లించిన ఓట్స్ పిండి, కీరా రసం, ఏది కలిపినా ముందు మోచేతి మడతలో ఒక చుక్క, ఆ చుక్క పెట్టి టీ కెటిల్ తెచ్చుకుని కూర్చుంటుంది, కెటిల్ ఖాళీ అయ్యేలోపు మడత ఎర్రబడకపోతే ముఖానికి, ఎర్రబడితే కోళ్లకి, నానమ్మకి అనుమానం ఎక్కువైన రోజున రెండు కెటిల్స్, రుద్దొద్దు, తట్టు, ఎండ ఇరవై రోజులు కూర్చుని పట్టించింది, నువ్వు ఇరవై నిమిషాల్లో పొమ్మంటే పోతుందా, నిదానంగా బతిమాలాలి అంటుంది, బతిమాలగా బతిమాలగా మంటైతే తగ్గింది, రంగు మాత్రం ఒక్క పిసరు తగ్గింది, అది కూడా నానమ్మకి మాత్రమే కనబడేంత, ఆవిడకేమో రెండు కళ్లలోనూ శుక్లాలు.

ఈ పందిరి కింద బల్ల మీద పడుకుంటే అన్నీ చెవులకే తెలుస్తున్నాయి, ద్రాక్ష ఆకులు, ఎవరో పెద్ద వంటపాత్ర దొర్లిస్తున్నారు, ఎల్లుండి పులావుకి, అటు మూలన తందూరు దగ్గర చప్ చప్ చప్, అమ్మ రొట్టెలు కొడుతోంది, అమ్మ చేతి దెబ్బ వేరు, మూడు కొట్టి ఒకటి ఆగుతుంది, అమ్మ, అయ్యో, నిన్న అద్దం ముందు ఆ మాట ఎందుకన్నాను, షోయిరా వదిన పక్కన నిలబడి కూలికెళ్లే వాళ్ల ముఖంలా అయిందే నీది అంటే తను విసురుగా, నయం, అమ్మ ముఖంలా ఉండిపోతుందేమో అని చస్తున్నాను అంది, అమ్మ గుమ్మంలోనే ఉంది, ఎండే కదే తల్లీ, శీతాకాలానికి అదే పోతుంది అంది, నవ్వింది కూడా, కానీ రుమాలు కనుబొమల మీదికి ఇంకాస్త లాక్కుని బయటికెళ్లిపోయింది, శీతాకాలానికి పోతుంది అంటుంది గానీ అమ్మది ముప్పై ఏళ్లుగా పోలేదు, అమ్మ తెల్లబడే శీతాకాలం ఎప్పుడూ రాలేదు, అప్పుడే వెళ్లి ఒక మాట అనాల్సింది, ఏమనాలి, ఈ పూత కడిగేశాక అంటాను, తప్పకుండా అంటాను.

ఇదేం వాసన, పెరుగు వాసన కాదు, కీరా వాసనా కాదు, క్యాబేజీ తరిగినట్టు, ముల్లంగి ఆకు నలిపినట్టు, నానమ్మ ఇందాక రెండో విడత పూత ఎడమ చెంప నుంచి మొదలుపెట్టింది, అప్పట్నుంచే ఈ వాసన, మోచేతి చుక్క పెట్టలేదేమిటి ఈసారి, నిన్న పెట్టిందే కదా అనుకుని ఉంటుంది, ఈ వాసన ఎక్కడో, ఎక్కడో తెలుసు, పెళ్లిళ్లలో, పండగలకి, కనుబొమల దగ్గర, మాట్లాడొద్దంది గానీ మాట్లాడాలేమో, ఇంతలో షోయిరా వదిన చెప్పుల చప్పుడు, నానమ్మా, ఇక్కడ పచ్చ పియాలా పెట్టాను, ఉస్మా ఆకు పిండిన రసం, మునవ్వర్ కనుబొమలకి, అరగంట నలిపానండీ, చేతులు పడిపోయాయి, ఏదీ, నానమ్మ చెయ్యి చెంప మీద ఆగిపోయింది, పచ్చగా ఉంది కదే, కీరా రసం అనుకున్నాను, ఎక్కడ పోశారు, పెరుగులో, పెరుగెక్కడ, పెరుగు దీని ముఖాన, కీరా ముక్కలు రెండూ ఎగిరి పడ్డాయి, మునవ్వర్ లేచి కూర్చుంది, ఉస్మానా, కనుబొమల్ని నల్లగా చేసే ఉస్మానా నా చెంపకి, కొంప మునిగింది, నీళ్లు, వదినా నీళ్లు, బిందె బోర్లించుకున్నంత పని చేసింది, అద్దం, వద్దులేవే అంటోంది వదిన, ఇటివ్వు అద్దం, కుడి చెంప రొట్టె రంగు, నుదురు మీగడ రంగు, ఎడమ చెంప కాలవ గట్టు నాచు రంగు, మూడు రంగులు, నానమ్మ దగ్గరికొచ్చి శుక్లాల కళ్లతో పరీక్షగా చూసి, రెండో దానికి కూడా పూసేస్తే సమానమైపోతుంది కదే అంది, అంతే, షోయిరా వదిన బల్ల పట్టుకుని కూలబడింది, నవ్వు, మునవ్వర్‌కి ఏడుపు రావాలి, వస్తోంది కూడా, దారిలో నవ్వు అడ్డం పడింది, ముగ్గురూ ఒకళ్ల మీద ఒకళ్లు పడి, కళ్లవెంట నీళ్లు, ఉస్మా మూడు నాలుగు రోజులు పోదు, పెళ్లి ఎల్లుండి, నవ్వు ఆగదు.

గేటు కిర్రుమంది, ఎవరండీ ఇంట్లో, ఆ గొంతు, సలోమత్ అత్త గొంతు, పెళ్లికి ముందు పంపే పళ్లెం ఇవ్వాళే కదా, రొట్టెలూ హల్వా, మునవ్వర్ రుమాలు కోసం చెయ్యి చాస్తే అందింది పెరుగు గిన్నె, పారిపోదామంటే కాళ్లు బల్ల మీద, ఆవిడ అప్పటికే పందిరి కిందికి వచ్చేసింది, పళ్లెం నెత్తి మీంచి దించుకుంటూ చూసింది, నుదురు చూసింది, కుడి చెంప చూసింది, ఎడమ చెంప దగ్గర ఆగిపోయింది, అయిపోయింది, ఇప్పుడిక అబద్ధం దాచడానికి చోటే లేదు, దాచాల్సిన ముఖమే ఎదురుగా ఉంది, మునవ్వర్ ఒక్క గుక్కలో చెప్పేసింది, నిచ్చెన ఎక్కేది నేనేనండీ, ఫిబ్రవరిలో మీతో అబద్ధం చెప్పాను, ఎనిమిదో ఏట నుంచి ఎక్కుతున్నాను, కుట్లు నాకు రావు, ఈ పచ్చది మాత్రం ఎండ కాదు, ఉస్మా.

సలోమత్ అత్త నవ్వలేదు, పళ్లెం బల్ల మీద పెట్టింది, కూర్చుంది, ఆ సంగతి నాకు తెలియదనుకున్నావా పిల్లా అంది, మా ఎల్యార్ పోయిన జూన్‌లో ఖుబానీలు ఎక్కించుకోవడానికి లారీ తెచ్చాడు మీ తోటకి, ఇంటికొచ్చి రెండ్రోజులు అన్నం సరిగా తినలేదు, ఏమిట్రా అంటే, అమ్మా, కాలవ మలుపు దగ్గర ఒక పిల్ల, నిచ్చెన చివర నిలబడి, పెట్టెలు వంకరగా పేరుస్తున్నావు, కళ్లున్నాయా అని నన్ను తిట్టింది, రుమాలు జారిన నుదురు తెల్లగా, చెంపలు కాలిన రొట్టెలా, చేసుకుంటే ఆ పిల్లనే అన్నాడు, పేరు తెలీదు, ఆ గుర్తు ఒక్కటే, కాలవ మలుపు దగ్గర మూడిళ్లు, మూడిళ్లలోనూ ఆడపిల్లలు, నేనొచ్చానా, ఎదురుగా పాలలా ఒక పిల్ల, ఎంత తెల్లగా ఉన్నావే అన్నాను, తప్పింటికి వచ్చానేమో అని గుండె జారిపోయి అన్నానే ఆ మాట, నువ్వు పొగడ్త అనుకున్నావు కాబోలు, పోనీ అడిగి చూద్దామని నిచ్చెన సంగతి ఎత్తితే, కుట్లూ అల్లికలూ అంటివి, ఇక లాభం లేదని పియాలా బోర్లించాను, లేచాను, మరి మళ్లీ ఎందుకు కూర్చున్నారు అంది మునవ్వర్, సలోమత్ అత్త తందూరు వైపు చూసింది, మీ అమ్మ రొట్టెలు పట్టుకుని లోపలికి వచ్చింది కదే అంది, ఫిబ్రవరి నెల, బయట మంచు, ఆవిడ నుదురు తెల్లగా, చెంపలు కాలిన రొట్టెలా, హమ్మయ్య, ఈ ఇల్లే అనుకుని కూర్చున్నాను.

చప్ చప్ చప్ ఆగిపోయింది, అమ్మ విన్నదో ఏమో, తందూరు దగ్గర్నుంచి లేచి వస్తోంది, చేతులు పిండి, వదినగారూ వచ్చారా అంటూనే మునవ్వర్ ముఖం చూసి, అయ్యో నా తల్లీ అని, ఇంకేమీ అడక్కుండా లోపలికెళ్లి ఖుబానీ గింజల నూనె సీసా తెచ్చింది, పోయినేడాది పిక్కలు కొట్టి అమ్మే తీయించిన నూనె, దూదిని అందులో ముంచి, ముందు మోచేతి మడతలో ఒక చుక్క పెట్టి ఆగింది, అమ్మా ఎర్రబడదులే, పుయ్యవే అంది మునవ్వర్, రుద్దకుండా, తడుతూ, ఎడమ చెంప మీద, ఒక దూదికి నాచు రంగు వచ్చింది, ఇంకో దూదికి కొంచెం తక్కువ, ఇంకోదానికి ఇంకా తక్కువ, నానమ్మ పక్కనుంచి నిదానంగా, నిదానంగా అంటోంది, పచ్చదనం పల్చబడి కింది నుంచి రొట్టె రంగు పైకి తేలుతోంది, అదిగో, వస్తోంది నా కోడలు అంది సలోమత్ అత్త, ఇప్పుడు నవ్వింది, వంగి తుడుస్తున్న అమ్మ ముఖం ఇంత దగ్గరగా ఉంది, పొయ్యి సెగకి రుమాలు వెనక్కి జారింది, మీగడ నుదురు, గీత, గీత కింద ముప్పై జూన్‌ల ఎండ, మునవ్వర్ చిన్నప్పుడు నిచ్చెన ఎక్కితే కింద పట్టుకుని తలెత్తి చూస్తూ నిలబడ్డ ముఖం ఇదే, తనకి చెట్టు నీడైనా ఉండేది, అమ్మకి అదీ లేదు, నిచ్చెన కదలకుండా పట్టుకుని ఎండలోకి ముఖం ఎత్తి ఉంచేది, జాగ్రత్తే, కుడికాలు, కుడికాలు అంటూ, అమ్మా, నిన్న నేనన్నది, అని మొదలుపెట్టింది, మాట్లాడకు, నూనె నోట్లోకి పోతుంది అంది అమ్మ, సరే, మాట్లాడదు, పెరుగు ఇక కోళ్లకి పెట్టేయొచ్చు, చిన్నపిల్ల ఎవరో పండ్ల కొమ్మతో ముసుగు ఎత్తుతుంది, ఎత్తనీ, కాస్త పచ్చ మిగిలినా ఫర్వాలేదు, నాలుగు రోజులుగా తను పెరుగు పూసీ పిండి పూసీ పొమ్మని బతిమాలింది అమ్మ ముఖాన్ని, తనని వెతుక్కుంటూ వచ్చినవాళ్లు తన ఇల్లు గుర్తుపట్టింది ఆ ముఖం చూసే.