చెంచురామయ్యగారి దడి

చెంచురామయ్యగారు మా బడికి తెలిసి చేసినవేవీ మాకు అక్కరకు రాలేదు. అక్కరకు వచ్చింది మాత్రం చేశానని ఆయనకే తెలియదు.

ఆయనకు రేపల్లెలో రెండు బియ్యం మిల్లులు. పుట్టిన ఊరు మాత్రం తెనాలి నుంచి రేపల్లె వెళ్ళే దారిలోని మా ఊరే. నేను ఇక్కడి హైస్కూల్లో కుండలకు నీళ్ళు మోసేదాన్ని. నా చదువు రెండో తరగతితో సరి. జ్ఞాపకానికి మాత్రం లోటు లేదు.

బాపట్లలో ఆయన వియ్యంకుడు ఎవరో ఒక బడికి గది కట్టించి, రాతి మీద పేరు చెక్కించుకున్నాడట. అది చూసి వచ్చిన మర్నాడే మా చెంచురామయ్యగారికి విద్యాదానం మీద మనసు పుట్టింది. అది పంతొమ్మిది వందల అరవై మూడో సంవత్సరం. ముందు బడి గేటుకు లారీ పట్టేంత కమాను కట్టించారు. మా బడికి లారీతో ఏం పనో అడిగినవాడు లేడు. తర్వాత గంట. ఆ తర్వాత ఉపన్యాసాలకు అరుగు. అన్నిటి మీదా ఆయన పేరే.

మాకు కావలసింది ఒక్కటే, ఆడపిల్లలకు మరుగుదొడ్డి. పొద్దున బడికొచ్చిన పిల్ల సాయంత్రం దాకా గుక్కెడు నీళ్ళు ముట్టేది కాదు. పెద్దమనిషైతే ఇక చదువు మానడమే. మా అమ్మాయి తులసి అప్పుడు ఎనిమిదిలో ఉంది. పదకొండో తరగతి ప్యాసై టీచరమ్మ కావాలని దాని ఆశ. “ఈ ఏడాదితో చాలు. గట్టు చాటుకు వెళ్ళే చదువు మనకొద్దు” అనేశాడు మా ఆయన.

హెడ్మాస్టరు చలపతిరావుగారు ధైర్యం చేసి దాతగారి చెవిన వేశారు.

“ఏంటి మేష్టారూ, మరుగుదొడ్డి మీద రాయిస్తారా నా పేరు?” అని కస్సుమన్నారాయన. ఆ కోపంలోనే తెనాలి వెళ్ళి తన విగ్రహానికి పురమాయించి వచ్చారు. కమాను కింద దూరిన మొదటి లారీ ఆ విగ్రహాన్నే తెచ్చింది.

బడి ఆవరణలో దిమ్మె మీద నిలబెట్టేశాక తెలిసింది ఆయన భార్య శేషారత్నమ్మగారికి. “బతికుండగానే దండ వేయించుకుంటారా? నా పసుపు కుంకాలు ఏం కావాలి?” అని గోల పెట్టారు. సిద్ధాంతిగారిని పిలిపించారు. నిలబెట్టిన విగ్రహాన్ని కదిపితే కీడట. మనిషి ఉండగా నలుగురి కళ్ళబడినా కీడేనట. ఆయన కళ్ళబడితే మరీ కీడట. అందుకని విగ్రహం తలకు గోనెసంచి తొడిగి, చుట్టూ ఎత్తుగా తాటాకు దడి కట్టించారు. మనిషి వెళ్ళిపోయాక విప్పాలట.

దడి చూడగానే నాకు ప్రాణం లేచొచ్చింది. మర్నాడే పలుగు తెచ్చి లోపల ఓ మూల గుంట తవ్వాను. బూడిద తట్ట పెట్టాను. పిల్లలకు చెవిలో చెప్పాను. విగ్రహం కళ్ళకు ఎలాగూ గంతలున్నాయి. మా ఆయనకు తీసుకెళ్ళి చూపించాను. నవ్వు ఆపుకోలేక, “సరే, చదువుకోనీ” అన్నాడు.

తులసి పదిలోకి వచ్చేసరికి చెంచురామయ్యగారికి గుండెనొప్పి వచ్చింది. ఆయన పోతే దడి విప్పేస్తారు. దడి విప్పితే తులసి చదువు అంతే. బళ్ళో ఆడపిల్లలంతా పోలేరమ్మకు మొక్కారు. ఆయన ఆయుష్షు కోసం సొంత మనవరాళ్ళు కూడా అంతగా మొక్కి ఉండరు.

ఆయన లేచి కూర్చున్నారు. మొక్కుల సంగతి విని, కారు వేసుకుని బడికి వచ్చి, తిన్నగా దడి దగ్గరికే నడిచారు. నేను పరుగున వెళ్ళి అడ్డం నిలబడ్డాను.

“తప్పుకోవే అచ్చమ్మా. ఒక్కసారి చూసుకోనీ.”

“ఇప్పుడొద్దండి బాబుగారూ. లోపల ఆడపిల్లలున్నారండి.”

“ఏం చేస్తున్నారు?”

“మొక్కు తీర్చుకుంటున్నారండి. తమరు బాగవ్వాలని మొక్కుకున్నారుగా.”

“అందరూనా?”

“వంతులేసుకునండి. రోజూనండి.”

బయట వరసలో చివరనున్న పిల్ల ఆగలేక కాళ్ళు మార్చి మార్చి తొక్కుతోంది.

“ఏం భక్తి!” అన్నారాయన. కళ్ళు చెమర్చాయి. అక్కడికక్కడే చలపతిరావుగారిని పిలిచారు. “తాటాకులు గాలికి ఆగవు మేష్టారూ. ఇటుక గోడ కట్టించండి. తలుపు పెట్టించండి. మగపురుగన్నది లోపలికి పోకూడదు. నేను కూడా పోను.”

గోడ లేచింది. దాని మీద పాలరాయి, పాలరాయి మీద ఆయన పేరు. తులసి పదకొండు ప్యాసైంది. ట్రైనింగు చేసి అదే బడికి టీచరై వచ్చింది.

డెబ్బై నాలుగులో ఆయన నిజంగానే పోయారు. విగ్రహాన్ని కదపకూడదన్న సిద్ధాంతిగారు, లోపలికొకసారి తొంగిచూసి, ముక్కు మూసుకుని, కదపవచ్చన్నారు. గోడ ఓ పక్క పడగొట్టి, విగ్రహాన్ని ఎత్తి, మూడుసార్లు కడిగి కమాను దగ్గర నిలబెట్టాం. పడగొట్టిన గోడ సాయంత్రానికే కట్టేశాం.

ఆవిష్కరణకు శేషారత్నమ్మగారు వచ్చారు. ఉపన్యాసాల మధ్యలో ఓ చిన్నపిల్ల వచ్చి తులసి ముందు చిటికెన వేలు చూపించింది.

“టీచర్, చెంచురామయ్యగారి దగ్గరికి వెళ్ళొస్తానండి.”

శేషారత్నమ్మగారు కొంగుతో కళ్ళొత్తుకున్నారు. “పోయినా మర్చిపోలేదు చూశావా అచ్చమ్మా.”

“ఎలా మర్చిపోతారండి?” అన్నాను. “రోజుకు రెండుసార్లయినా తలుచుకుంటారండి.”