అనకూడని జబ్బు

"మీ ఇంట్లో ఇంకెవరికైనా ఈ జబ్బు వచ్చిందా?" అని డాక్టరమ్మ హిందీలో అడగ్గానే మల్లికార్జున ఠక్కున "నహీ మేడమ్, కిసీకో నహీ" అనేశాడు. పక్కనే నిలబడ్డ చెల్లెలు మాణిక్యం నోరు తెరిచి, అన్న చూసిన చూపుకి మళ్లీ మూసేసుకుంది.

ఢిల్లీ ఆసుపత్రిలో మంచం మీద ఉన్నది వాళ్ల తమ్ముడు విష్ణు. గుర్గావ్‌లో ఆఫీసు క్యాబ్ నడిపేవాడు. ముప్పై రెండేళ్లకే కడుపు కాన్సరు. మొన్నటిదాకా కంచం నిండా తిన్న మనిషికి ఇప్పుడు రెండు చెంచాల గంజి కూడా నిలవడం లేదు. ఆపరేషన్ చేసే దశ దాటిపోయిందని తేల్చేశారు.

"ఇంత చిన్న వయసులో ఈ రకం వచ్చిందంటే అనుమానించాలి," అంది డాక్టరమ్మ. "కొన్ని కుటుంబాల్లో ఇది రక్తంలోనే దిగుతుంది. తల్లికో తండ్రికో ఆ లోపం ఉంటే ప్రతి బిడ్డకీ సగానికి సగం అవకాశం. మా దగ్గర పరిశోధన జరుగుతోంది, మీకు ఖర్చేమీ ఉండదు. ఇతని రక్తంలో లోపం దొరికితే మీ అందరి రక్తంలో దాన్నే వెతకొచ్చు. ముందే తెలిస్తే మిగతావాళ్లని కాపాడుకోవచ్చు. కానీ కుటుంబంలో ఇంకొకరికైనా వచ్చి ఉంటేనే ఇందులో చేర్చుకుంటాం. మీ అమ్మగారు ఎలా పోయారు?"

"హార్ట్ ఎటాక్."

"ఠీక్ హై," అని ఆవిడ పక్క మంచానికి వెళ్లిపోయింది.

మాణిక్యానికి ఒళ్లు మండిపోయింది. హార్ట్ ఎటాకట! అమ్మ కాంతమ్మ అన్నం చూస్తేనే డోకుతూ, చిక్కి శల్యమై పోయింది. పిన్నీ అంతే. వాళ్ల నాన్న, అంటే తాతా అంతే. కాకినాడ పెద్దాసుపత్రిలో జబ్బు పేరు చెప్పినా, ఇంట్లో ఒక్కరంటే ఒక్కరు దాన్ని పలకలేదు. పలికితే పైన తిరిగే తథాస్తు దేవతలు తథాస్తు అనేస్తారట! గ్యాసు, వేడి, అల్సరు - ఎన్ని పేర్లు పెట్టుకున్నారో. కారం తినీ తినీ పోయిందని చచ్చిపోయిన అమ్మనే తిట్టుకున్నారు. మల్లికార్జున ఢిల్లీ వచ్చి, కేంద్ర ప్రభుత్వ ఆఫీసులో గుమాస్తా అయి, కంప్యూటర్ కూడా నేర్చాడు. ఆ దేవతలు మాత్రం అతనితోపాటే రైలెక్కి వచ్చేశారు.

అన్నని వరండాలోకి లాక్కెళ్లింది.

"అబద్ధమెందుకు చెప్పావు అన్నయ్యా?"

"నెమ్మదిగా మాట్లాడవే. అసలే సంధ్యవేళ."

"అమ్మకొచ్చింది కాన్సరు కాదూ?"

"ఛీ ఛీ, అనకు! ఇంట్లో పిల్లలున్నారు. నీ నోటితో నువ్వే తగిలిస్తావా ఏంటి?"

"పిల్లలున్నారనేగా నా ఏడుపు! నా శరణ్య, నీ కిరీటి... వాళ్లకేమైనా అయితే ఎవడు దిక్కు? విష్ణు ఉండగానే ఆ రక్తం తీయించాలి."

మల్లికార్జున జేబులోంచి గ్యాసు మాత్ర తీసి నమిలాడు. రెండో చెయ్యి పొట్టని అదుముకుంటోంది.

"నీకు ఎన్నాళ్ల నుంచి?" అంది మాణిక్యం, గొంతు తగ్గించి.

"ఏం లేదు. క్యాంటీన్ పూరీలు పడలేదు."

ఆ మాటతో ఆమె ఓర్పు నశించింది. అమ్మ కూడా ఇలాగే పులిహోర పడలేదంది. గిరుక్కున తిరిగి వార్డులోకి నడిచింది. మయూర్ విహార్‌లో నాలుగిళ్లకి వండుతూ నేర్చుకున్న వచ్చీరాని హిందీలో, అందరికీ వినపడేలా చెప్పింది.

"మేడమ్, మా అన్నయ్య చెప్పింది అబద్ధం. మా తాత, మా అమ్మ, మా పిన్ని, అందరూ కాన్సరుతోనే పోయారు. కడుపు కాన్సరు."

వెనకే పరుగెత్తుకొచ్చిన మల్లికార్జున ఆమె నోటికి చెయ్యి అడ్డం పెట్టాడు. "ఒసే, తథాస్తు అంటారే!"

మాణిక్యం ఆ చెయ్యి విదిలించేసింది. "అననీ అన్నయ్యా. మనం నోరు మూసుకుంటే మాత్రం, నాలుగుసార్లు అనకుండా ఆగారా?"

డాక్టరమ్మకి తెలుగు రాదు. కానీ మాణిక్యం హిందీలో చెప్పింది విని వెనక్కి వచ్చింది. మంచం మీద విష్ణు చొక్కా చెయ్యి పైకి లాక్కోవడానికి తంటాలు పడుతున్నాడు. "తియ్యమను అక్కా," అన్నాడు. మాణిక్యం సాయం పట్టింది. నర్సు రబ్బరు గొట్టం బిగించి సూది గుచ్చింది.

డాక్టరమ్మ మల్లికార్జున వైపు తిరిగి, పొట్ట మీదున్న అతని చేతిని చూసింది.

"మీకు కడుపులో ఏమైనా బాధ ఉందా?"

అలవాటైన "నహీ" అతని పెదవుల దాకా వచ్చి ఆగింది. మాణిక్యం, విష్ణు అతని మొహంలోకే చూస్తున్నారు. అతను ఆ చెయ్యి పొట్ట మీద నుంచి తియ్యలేదు.