మూడో గేరు చుట్టం

ఉదయం ఏడున్నరకి షెడ్డు మేస్త్రి ఆసుపత్రి కారుని కాంపౌండు లోపల ఒక చుట్టు తిప్పి తెచ్చి, ఏ లోపమూ లేదని తేల్చాడు.

ఆ కారు నడిపే ఆయమ్మ బకెట్టులో తడిగుడ్డ పిండుతూ నిలబడింది. అప్పటికి ముందు అద్దం తుడవడం అయింది, తలుపులు మిగిలాయి.

"వెన్నలా ఉంది బండి," అన్నాడు మేస్త్రి దిగుతూ. "కంప్యూటర్ పెట్టి కూడా చూశాను. దానికేం రోగం లేదు."

"చల్లగా ఉన్నప్పుడు అది చెప్పినట్టే వింటుందన్నా. కాసేపు ఊళ్ళో తిరిగి, వేడెక్కాక చూడు."

"వేడెక్కేది బండా, నువ్వా?"

షెడ్డులో టైరు విప్పుతున్న ఇద్దరూ నవ్వారు. ఆమెకి ఒళ్ళు మండింది. గుడ్డ ఇంకోసారి పిండింది, అందులో నీళ్ళు లేకపోయినా.

"పోనీ గేరు ఆయిలైనా మార్చి చూడొచ్చుగా."

"జీవితకాలం మార్చక్కర్లేదని కంపెనీవాళ్ళే రాశారు. ఆటోమేటిక్ బండమ్మా ఇది. గేరు నువ్వు వెయ్యవు. క్లచ్చి లేనే లేదు. నువ్వు చేసేదల్లా కాలితో నొక్కడం. ఇక కుదుపు ఎక్కణ్ణుంచి వస్తోందో నువ్వే ఆలోచించుకో."

ఆలోచించడానికేం లేదు. కుదుపు ఎక్కణ్ణుంచి వస్తుందో ఆమెకి తెలుసు. బండి వేడెక్కాక, రెండో గేరు నుంచి మూడో గేరుకి మారే చోట ఇంజను ఒక్కసారి ఊరికే అరుస్తుంది. బండి మాత్రం కదలదు. ఆ వెంటనే వెనక నుంచి ఎవరో కాలితో తన్నినట్టు ముందుకి పడుతుంది. ఇంజను అరిచే ఆ క్షణంలో కాలు కొంచెం తేలిక చేస్తే తన్ను సగానికి తగ్గుతుంది. రద్దీలో అన్నిసార్లూ కుదరదు.

కుదరని ఒక రోజున కారులో, ఆపరేషనయి ఇంటికి వెళుతున్న ఒక తల్లి ఉంది. కుట్ల దగ్గర పట్టేసిందని ఆవిడ అరిచింది. డ్రైవరు మొరటుగా నడిపిందని ఆవిడ కొడుకు ఫిర్యాదు పెట్టాడు. ఆయమ్మని డ్రైవరుగా ఉంచాలా, తిరిగి వార్డుకి పంపాలా అన్నది ఈ సాయంత్రం తేలుస్తానని ఆసుపత్రి బళ్ళు చూసే ఆఫీసరు చెప్పాడు. ఒక్కసారి మధ్యాహ్నం ట్రిప్పులో కూర్చుని చూడమని ఆమె వారం నుంచి బతిమాలుతోంది. ఈరోజు వస్తానన్నాడు.

ఆమె ఈ ఆసుపత్రిలో మొదట చక్రాల కుర్చీలు తోసింది. లిఫ్టు పనిచెయ్యని రోజుల్లో ర్యాంపు మీదుగా తోసింది. డ్యూటీ దిగాక డ్రైవింగ్ స్కూలుకి వెళ్ళి నేర్చుకుంది. లైసెన్సు వచ్చిన రోజున అత్తగారు వీధిలో అందరికీ చెప్పుకుంది: "మా కోడలు తోసే పని నుంచి తోలే పనికి ఎక్కింది." చొక్కా మీద బిళ్ళలో డ్రైవర్ అనే ఉంది. అయినా ఆఫీసరు దగ్గర్నుంచి క్యాంటీన్ వరకు అందరికీ ఆమె ఆయమ్మే. మగ డ్రైవర్లలో ఒకడు వార్డుబాయ్‌గా చేరినవాడే. అతన్ని ఎవరూ బాయ్ అనరు.

పొద్దుటి ట్రిప్పులన్నీ కుదుపుతోనే నడిచాయి. ఒకావిడ దిగుతూ, "మా అబ్బాయైతే ఇలా నడపడమ్మా," అంది. ఆయమ్మ తలుపు పట్టుకుని, ఆవిడ కర్ర అందించింది. మధ్యాహ్నం రొట్టె సీట్లోనే కూర్చుని తింది. ఇంజను ఆపలేదు. ఆఫీసరు వచ్చేసరికి బండి చల్లబడకూడదు.

రెండు దాటాక ఆఫీసరు వచ్చి ముందు సీట్లో కూర్చున్నాడు. వెనక దర్జీ తాత ఉన్నాడు. నడుము విరిగి అతుక్కున్న మనిషి. వ్యాయామానికి వస్తాడు, ఆయమ్మే తెచ్చి దించుతుంది. కుదుపుకి పేరు పెట్టింది ఆయనే.

"ఏమ్మా, ఇవాళ చుట్టం వచ్చాడా?"

"పొద్దుట్నుంచీ వస్తూనే ఉన్నాడు తాతా."

"ఎవరా చుట్టం?" అన్నాడు ఆఫీసరు ఫోనులోంచి తలెత్తకుండా.

"మూడో గేరులో ఉంటాడు బాబూ. పిలవకుండా వస్తాడు, నడుం మీద గుద్ది పోతాడు. ఈ అమ్మాయి ముందే చెబుతుంది కాబట్టి పట్టుకుంటాం."

కారు గేటు దాటి పెద్ద రోడ్డెక్కింది. మలుపు దగ్గర లైటు పచ్చబడింది. ఆయమ్మ కాలు కింద ఇంజను గొంతు పెరిగింది. ఆమె అలవాటుగా నోరు తెరిచింది.

"చెప్పకు," అన్నాడు తాత, రెండు చేతులతో ముందు సీటు పట్టుకుంటూ. "బాబుగార్ని కూడా కలవనీ."

ఆమె చెప్పలేదు. కాలు తేలిక చెయ్యలేదు. మొరటుగా నొక్కనూ లేదు. అందరూ నడిపినట్టే నడిపింది. ఇంజను అరిచింది. బండి తన్నింది. ఆఫీసరు తల ముందుకి వెళ్ళి వెనక్కి కొట్టుకుంది. ఫోను కాళ్ళ దగ్గర పడింది.

ఆయన వంగి ఫోను తీసుకున్నాడు.

"నిజమే," అన్నాడు ఆఫీసరు మెడ రుద్దుకుంటూ.

"మా నడుముల సాక్ష్యం చాల్లేదు," అన్నాడు తాత. "మీ మెడ కావాల్సొచ్చింది."

ఆయమ్మకి ఆ మిగతా దారంతా ఊపిరి తేలిగ్గా ఆడింది. దారిలో ఇంకో రెండుసార్లు చుట్టం వచ్చాడు. వచ్చిన ప్రతిసారీ ఆఫీసరు తలుపు పైన పిడి పట్టుకున్నాడు. తిరుగుదారిలో గేరు ఆయిలు గురించి చెప్పింది. జీవితకాలం మార్చక్కర్లేదన్నారట అంది.

"ఎవరి జీవితకాలం?" అని ఆఫీసరు నవ్వాడు కూడా.

సాయంత్రం ఆఫీసరు గదిలోకి పిలిచాడు. కుర్చీ చూపించాడు. ఆమె కూర్చోలేదు.

"బండిలోనే లోపముంది. నేను కాదనను," అన్నాడు. "కానీ గేర్‌బాక్సు దించితే రెండు మూడు వారాలు బండి ఉండదు. రోగుల్ని ఎవరు తెస్తారు? ఇంకో బండి పెట్టడానికి పైవాళ్ళు ఒప్పుకోరు. ఫిర్యాదు పెట్టినాయన రోజూ ఫోను చేస్తున్నాడు. ఏదో ఒక చర్య తీసుకున్నామని చెప్పాలి."

"బండి మీద తీసుకోండి సార్."

"అదే చెబుతున్నా కదమ్మా. గేర్‌బాక్సు మార్చడానికి వారాలు పడుతుంది. డ్రైవర్ని మార్చడం రేపటికి అయిపోతుంది."

ఆమె బల్ల దగ్గరికి ఒక అడుగు జరిగింది.

"మీరు కూర్చున్నారు. మీ ఫోను కింద పడింది. తప్పు నాది కాదని మీ నోటితో మీరే అన్నారు. ఇప్పుడు నేరం తెచ్చి నా నెత్తినే రుద్దుతున్నారు."

"నేరం అని ఎవరన్నారు? జీతం తగ్గించట్లేదు. మూడో అంతస్తులో కుర్చీల దగ్గర మనిషి కావాలి. నీకు తెలిసిన పనేగా ఆయమ్మా."

"నేను డ్రైవర్ని సార్."

"కాదనట్లేదు..."

"పొద్దుట మేస్త్రి లోపం నా కాలిదన్నాడు. వాడికి తెలియక అన్నాడు. మీరు తెలిసి అంటున్నారు."

తాళం చెవి బల్ల మీద పెట్టింది. చొక్కా మీది బిళ్ళ తీసి దాని పక్కన పెట్టింది. మూడో అంతస్తుకి వెళ్ళలేదు. షెడ్డు ముందు నుంచి నడిచి గేటు దాటింది. మేస్త్రి పలకరించాడు. ఆమె తల తిప్పలేదు. ఆ తర్వాత ఆమె ఎక్కడ చేరిందో ఆసుపత్రిలో ఎవరికీ తెలియదు.

మర్నాటి నుంచి కారుకి అంబులెన్సు మీద పనిచేసే ఒక డ్రైవర్ని వేశారు. గేర్‌బాక్సు దించలేదు. ఫిర్యాదు పెట్టిన కొడుక్కి చర్య తీసుకున్నామని ఫోను చేసి చెప్పారు. ఆయన ధన్యవాదాలు చెప్పాడు.

రెండు రోజుల తర్వాత దర్జీ తాత ఎక్కాడు. పెద్ద రోడ్డు మలుపులో బండి తన్నింది. తాత నడుము పట్టుకుని సీటు మీద పక్కకి ఒరిగాడు.

"ఆడమనిషి తోలిన బండి తాతా," అన్నాడు కొత్త డ్రైవరు రోడ్డు మీంచి చూపు తిప్పకుండా. "పాడుచేసి వదిలేసి పోయింది."

"ఆమె చెప్పి కుదిపేది నాయనా," అన్నాడు తాత.

డ్రైవరుకి అది వినబడలేదు. మొదటి రోజే అతను సీటు వెనక్కి జరుపుకున్నాడు. పెద్ద అద్దం తన ఎత్తుకి తిప్పుకున్నాడు. దాని కింద ఆమె అంటించుకున్న చిన్న గుండ్రటి అద్దం ఇంకొకటి ఉంది. గోటితో గీకి చూశాడు, జిగురు ఊడలేదు, వదిలేశాడు. ఆ అద్దంలో రోడ్డు కనబడదు. వెనక సీటు మాత్రమే కనబడుతుంది.