చిలుము

శుక్రవారం పొద్దున పది గంటలకు నాణేల డబ్బా మూత తీసి ధనంజయ కొయ్యబారిపోయాడు. రోమన్ నాణెం తళతళా మెరుస్తోంది.

అది మెరవకూడదు. పదహారు వందల ఏళ్ళు మట్టిలో పడుండి, ఒళ్ళంతా పచ్చటి చిలుము పట్టిన రాగి బిళ్ళ అది. నాణేలు సేకరించేవాళ్ళకు ఆ చిలుమే ప్రాణం. అది పోతే నాణెం ఎందుకూ కొరగానట్టే. పైగా అది ధనంజయది కాదు, పలమనేరులో పోస్టుమాస్టరుగా చేసి రిటైరైన మునిరామయ్యది. నలభై దేశాల పాత నాణేలున్న ట్రంకుపెట్టె ఉంది ఆయన దగ్గర. పిల్లల్లేరు.

"నా తర్వాత వీటిని సూసుకునేవాడు కావాలప్పా. ఈ ఒక్కటి నెల్నాళ్ళు పెట్టుకో. ఎట్ల పెట్టుకుంటావో సూసి, తక్కినవి ఇస్తా" అని నెల కిందట దీన్ని ఇచ్చాడు. గడువు ఈరోజుతో సరి. ట్రంకు తీసుకుని పదకొండింటికల్లా వస్తానని నిన్ననే ఫోన్ చేశాడు. తిరుపతి లాడ్జిలో గుమాస్తాగిరీ చేస్తూ, దిగిన ప్రతి విదేశీయుణ్ణీ "ఒక్క నాణెం" అంటూ పన్నెండేళ్ళుగా దేబిరిస్తున్న మనిషికి ఆ ట్రంకంటే మాటలా!

"అమ్మా! దీన్నెవురు ముట్టుకున్నారు?"

జ్ఞానాంబ కొంగుతో చేతులు తుడుచుకుంటూ వంటింట్లోంచి వచ్చింది. "నేనే నాయనా. లచ్చిందేవి ముందర పెడదామని, కుందులతో పాటు చింతపండేసి తోమినాను. ఎంత మురికి పట్టి ఉన్నిందో! ఇప్పుడు సూడు, ఎట్ల మెరస్తాండాదో!"

ఆమె సంబరం చూసి ధనంజయ డబ్బా మూత పెట్టేశాడు. ఆమె అటు వెళ్ళగానే నాణేనికి నూనె రాశాడు, మసి పూశాడు, మళ్ళీ తుడిచాడు. చిలుమేమన్నా బొట్టా, పెడితే వచ్చేదానికి! వీధిలో ఆటో చప్పుడైన ప్రతిసారీ కిటికీలోంచి తొంగిచూశాడు.

నాలుగో ఆటోలోంచి మునిరామయ్య దిగాడు. ట్రంకు గోడవారగా దించి, నాణేన్ని అరచేతిలో పెట్టుకుని చాలాసేపు చూశాడు.

"నేనే తోమినానన్నా" అంది జ్ఞానాంబ మజ్జిగ గ్లాసు అందిస్తూ. "బాగుండాదా?"

"బంగారం మాదిరి ఉండాదమ్మా" అన్నాడాయన. మజ్జిగ చుక్క మిగల్చకుండా తాగాడు. గండం గడిచిందనుకున్నాడు ధనంజయ. ఇంతలో ఆయన లేచి, ట్రంకు తానే ఎత్తుకుని వాకిట్లోకి నడిచాడు.

"సార్, పెట్టె..."

"వీటి సంగతి మీయమ్మకు ఎప్పుడన్నా సెప్పినావా?"

"ఆమెకేం తెలుస్తుందిలే అని..."

"ఇంట్లో మనిషికే సెప్పకపోతివి, ఇంగ వీటినెట్ల కాపాడతావప్పా?" అన్నాడు మునిరామయ్య. గొంతులో కోపం లేదు. అదే ధనంజయను ఎక్కువ బాధపెట్టింది. ఆటో ట్రంకుతో సహా మలుపు తిరిగిపోయింది.

"పెట్టె మళ్ళా తీసకపోయినాడే? ఏమంట?" అని అడిగింది జ్ఞానాంబ.

'ఏం లేదులే' అన్న మాట నాలుక చివరిదాకా వచ్చింది. దాన్ని మింగి, ఆమె పక్కన కూర్చుని, జరిగింది జరిగినట్టు చెప్పాడు. వింటూ వింటూ ఆమె చింతపండు వాసన పోని వేళ్ళను కొంగులో దాచుకుంది.

"సెప్పింటే ముట్టుకుందునా నాయనా? ఇవేంటివని నేనెన్నిసార్లు అడిగినాను నిన్ను!"