లేటుగా వచ్చిన పొగ

వర్క్‌షాపు సైరన్ మోగగానే దాలమ్మ బొగ్గులు రాజేస్తుంది. మలంచా రోడ్డు పక్క సందు మొదట్లో ఆమె ఇస్త్రీ బండి. న్యూ సెటిల్‌మెంట్ కాలనీ రైలు గార్డుల తెల్ల చొక్కాలన్నీ ఆ బండి ఎక్కి దిగాకే డ్యూటీకి వెళ్తాయి. మొగుడు ఎర్రయ్య పోయినాక ఆమెకి అన్నం పెడుతున్నది ఆ బొగ్గుల ఇస్త్రీపెట్టే.

సాయంత్రానికి ఎవరి పొగ వాళ్లింటికి చేరుకుంటుంది. టీ కొట్టు పొగ కొట్టు చూరు మీద పడుకుంటుంది. దాలమ్మ పొగ బండి కింద. పిల్లి అంత ఉంటుందేమో, జనం దాని తోక తొక్కకుండా పక్కనుంచి నడుస్తారు.

ఈ ఏడు ఎండలు ముందే మాడ్చేశాయి. బోరింగుల్లో నీళ్లు దిగిపోయాయి. పొగ లేని వీధికి ముందుగా సోలార్ దీపాలని పైనుంచి కాగితం వచ్చింది. వీధి కమిటీ పెద్ద గోపాలంగారు రైల్వే ఆఫీసులో ముప్పై ఏళ్లు రైళ్ల రాకపోకలు రాసిన మనిషి. అన్నం ఐదు నిమిషాలు లేటైతే భార్య సరోజాదేవిని కారణం అడిగేంత పద్ధతి. ఆయన ఓ సాయంత్రం పెన్సిలు పట్టుకుని వీధంతా తిరిగి, ఇల్లు చేరిన పొగలన్నీ రాసుకున్నారు. మొదటి పేరు దాలమ్మది. మూడు ఏసీలున్న తన ఇంటి మీద ఏమీ కనబడలేదు కనుక రాయలేదు.

"సోమవారం నుంచి బొగ్గు బంద్, దాలమ్మా."

"నానేటి సెయ్యాలి బాబూ? బండి కాడికి కరెంటు నేదు."

"అది నా చేతిలో ఉందా? మా ఇంటి మీద చూడు, ఈకంత పొగైనా ఉందేమో."

"మీ పొగ పవర్‌హౌసులో పుట్టింది గదా. దూరాబారం. రావాలి."

"ఏసీలు పెట్టి పన్నెండేళ్లు. ఇన్నాళ్లూ రాలేదంటే లేదనే."

దాలమ్మ చొక్కా కాలరు తిప్పింది. "రైలు లేటైతే రద్దయిపోయినట్టేటి బాబూ? ఇంకెవులైనా అంటే సరే, మీరేటి ఇలగంతారు?"

గేటు దగ్గర నిలబడి వింటున్న సరోజాదేవి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. గోపాలంగారికి మాత్రం నవ్వు రాలేదు.

ఆదివారం పొద్దున్న కమిటీ ఆయన వరండాలో కూర్చుంది. దాలమ్మ మెట్ల దగ్గర నిలబడింది. మర్నాటి నుంచి ఏం చేసి బతకాలో ఆమెకి తెలీదు. ఆయన బొగ్గు బంద్ కాగితం మీద సంతకానికి కలం తీస్తుండగా, సందులో టోటో రిక్షాలు పక్కకి జరిగి దారిచ్చాయి.

పొగ వస్తోంది. ఇంజన్ షెడ్డంత ఉంది. కాళ్లకి బూడిద, ఒంటినిండా దారిలోని ఊళ్ల దుమ్ము. గేటు మీద పేరు చూసుకుని లోపలికొచ్చింది.

"జరగండి, పాపం దూరం నుంచి వచ్చింది," అంటూ సరోజాదేవి కుర్చీలు లాగింది.

అది గోపాలంగారి ఎదురుగా కూర్చుంది. వరండా చీకటైంది. ఆయన తెల్ల చొక్కా మీద మసి దిగసాగింది. అందరూ దగ్గారు.

"ఇంకా ఎంతుంది వెనకాల?" అని ఆయన దాన్నే అడిగారు, మెల్లగా.

పొగ సందు చివరికి చూపించింది. దాని తోక ఇంకా మలుపు తిరగలేదు.

గోపాలంగారు కాగితం చింపి కొత్తది తీశారు. ఈసారి పొగల పొడవును బట్టి రాశారు. మొదటి పేరు తనదే, పక్కన రెండు ఏసీలు బంద్. అట్టడుగున దాలమ్మ. "ఠీక్ హై?" అన్నారు కమిటీ వైపు తిరిగి. సభ్యులు ఎవరి ఏసీలు వాళ్లు తలుచుకుంటూ, రోడ్డు వైపు ఓ కన్నేసి, సంతకాలు పెట్టారు.

"నాకు సదువు రాదు. ఓపాలి సదవండి బాబూ," అంది దాలమ్మ.

ఆయన దగ్గుతూ, ఆగుతూ మొత్తం చదివారు.

"నా పేరు కాడ మళ్లీ సదవండి."

"దాలమ్మ. ముందు బండికి కరెంటు, కరెంటు పెట్టె. ఆ తర్వాతే బొగ్గు మానాలి."