కొండెక్కని నిప్పురవ్వ

ఇంటి ముందు గదినే షెడ్డుగా మార్చుకుని కార్లు బాగుచేసే అక్కకు తన చేతిపని మీద గురి, తన చెల్లెలి మీద అంతకు రెండింతల ప్రేమ. ఆ చెల్లెలు ఒకనాడు పాత స్పోర్ట్స్ కారు ఒకటి కొని తెచ్చి గుమ్మంలో ఆపింది. రెండే సీట్లు, నేలను కరుచుకుని నడిచే ఎర్ర బండి. ఇంజన్లోకి గాలిని బలంగా నెట్టే టర్బో జోరును కొన్నచోటే ఇంకాస్త పెంచి ఇచ్చారట. ఆదివారం కొండదారి పందెంలో దిగుతానంది.

"స్టీరింగ్ నాది, ఇంజన్ నీది" అని తాళాలు అక్క చేతిలో పెట్టింది.

అక్క ముందుగా పాత స్పార్క్ ప్లగ్గులు విప్పి వెలుతురుకు ఎత్తి చూసింది. కొసన ఉండే పింగాణీ సున్నం కొట్టినట్టు తెల్లగా పాలిపోయి ఉంది.

"వేడికి మాడిపోతున్నాయే ఇవి. ఆఫీసుకి వెళ్లొచ్చే బండికైతే చాలు, నీ దూకుడికి చాలవు. ఒక మెట్టు చల్లటివి వెయ్యాలి."

"చల్లటివేంటక్కా, కూల్‌డ్రింకా?"

"వేడిని తన దగ్గర ఉంచుకోకుండా తొందరగా ఇంజన్‌కి దాటించేసేదాన్ని చల్లటి ప్లగ్గంటారు. మీ బావ చూడు, ఏం చెప్పినా ఈ చెవిన విని ఆ చెవిన వదిలేస్తారు. అలాగన్నమాట."

గుమ్మంలో టీ తాగుతున్న బావ స్కూలు బస్సు డ్రైవరు. "అందుకే ఈ ఇంట్లో ఇంకా మాడిపోకుండా ఉన్నాను" అన్నాడు తాపీగా.

చల్లటివే తెచ్చి, కొసన నిప్పురవ్వ దూకే సందును ఆ కారుకు మామూలుగా ఉంచేంతే ఉంచి బిగించింది అక్క. చెల్లెలు ఊరి బయట రోడ్డు మీదికి తీసుకెళ్లింది. నెమ్మదిగా పోయినంతసేపూ బండి బుద్ధిగానే ఉంది. కాలు అదిమి తొక్కేసరికి ఎక్కిళ్లు పట్టినట్టు కుదపడం మొదలుపెట్టింది. షెడ్డుకు తిరిగొచ్చేసరికి చెల్లెలి మొహం ఇంత చిన్నదైపోయింది.

"ఏమీ అనుకోకక్కా. ఒకసారి పెద్ద వర్క్‌షాపులో చూపిద్దామా?"

ఆ మాట అక్కకు చురుక్కున తగిలింది. ఊళ్లో వాళ్లు అంటే ఊరుకునేదేమో గానీ, అన్నది తను ఎత్తుకు పెంచిన పిల్ల. అయినా గొంతు పెంచలేదు. "సాయంత్రం దాకా ఆగు. అప్పటికీ కుదరకపోతే నేనే పక్కన కూర్చుని వస్తాను" అంది.

చెల్లెలు లోపలికి వెళ్లాక స్టూలు మీద కూర్చుని ఆలోచించింది. నెమ్మదిగా పోతే లేని రోగం తొక్కితేనే ఎందుకొస్తోంది? తొక్కితే లోపల గాలి ఒత్తిడి పెరుగుతుంది. అంత ఒత్తిడిలో నిప్పురవ్వ ఆ సందును దాటలేకపోతోంది. ఈ సంగతే పైకి అంది.

"అంటే, బండి కొండెక్కకముందే నిప్పు కొండెక్కుతోందన్నమాట" అన్నాడు బావ.

అక్క నవ్వు ఆపుకోలేకపోయింది. "అంతే. సందు తగ్గిస్తే సరి."

సన్నటి ఉక్కు రేకుల కట్ట, ఫీలర్ గేజ్, తీసి అంతకుముందు వాడినదానికన్నా పలచటి రేకు ఎంచుకుంది. ప్లగ్గు కొసన వంగి ఉండే కొక్కేన్ని బల్ల చెక్కకేసి అతి మెల్లగా తట్టి, రేకు దూర్చి చూసింది. మళ్లీ తట్టింది. రేకు ఊరికే జారిపోకూడదు, ఇరుక్కోనూ కూడదు. బిగువు గాజు చేతికెక్కినట్టు ఒరుసుకుంటూ వెళ్లాలి. రెండు కుదిరాయి. మూడోది వేళ్ల సందులోంచి జారి సిమెంటు నేల మీద ఠంగున పడింది.

బావ తీసి తిప్పి చూశాడు. "ఏమీ కాలేదుగా."

"పడేయండి. లోపల వెంట్రుకంత చిట్లినా పైకి కనిపించదు. నా చెల్లెలు కూర్చునే బండి అది."

"పోనీ మా బస్సుకి పనికొస్తుందేమో."

"మీది డీజిల్ బస్సు. దానికి స్పార్క్ ప్లగ్గే ఉండదు మహానుభావా. ఇన్నేళ్లు నాతో కాపురం చేసి నేర్చుకున్నది ఇదా?"

ఆయన కొత్త ప్లగ్గు కోసం షాపుకు బయలుదేరాడు.

పొద్దు వాలేలోపు చెల్లెలు మళ్లీ అదే రోడ్డు మీద తొక్కి చూసింది. ఎక్కిళ్లు లేవు. దిగి వచ్చి, గ్రీజు అంటుతుందని కూడా చూడకుండా అక్క భుజం మీద తల ఆనించింది. పెద్ద వర్క్‌షాపు మాట మళ్లీ ఎత్తలేదు.

ఆదివారం కొండ కింద జనంలో అక్క, బావ నిలబడ్డారు. ఎర్ర బండి ఒక్క ఉదుటున దూకి మొదటి మలుపులోనే కనుమరుగైంది. ఇక మిగిలింది చప్పుడే. అందరూ మెడలు సాచి పైకి చూస్తుంటే అక్క మాత్రం కళ్లు మూసుకుంది. గేరు పడటం, మలుపులో గొంతు తగ్గడం, తిన్నటి దారిలో మళ్లీ ఎత్తుకోవడం అన్నీ చెవితోనే పట్టుకుంది. ఎక్కడా తెగలేదు, తడబడలేదు. చప్పుడు సన్నబడి శిఖరం దగ్గర ఆగింది. అప్పుడు గానీ ఊపిరి వదల్లేదు.

చెల్లెలికి రెండో స్థానం వచ్చింది. మొదటి బండి దాదాపు కొత్తది. కొండ దిగి వచ్చాక చుట్టూ మూగిన డ్రైవర్లను తోసుకుంటూ అక్క దగ్గరికొచ్చి, "ఇంజన్ చేసింది ఈవిడే, మా అక్క" అని అందరికీ చూపించింది. అక్క గ్రీజేమీ లేని చేతుల్నే చీర కొంగుతో తుడుచుకుంది.

"ఇంటికి నువ్వు నడుపక్కా. నేను బావతో బస్సెక్కి వస్తాను."

అక్క ఆ చిన్న సీట్లో సర్దుకుని కూర్చుని బండి కదిలించింది. దుమ్మూ ఎండా ఉన్నా, ఇల్లు చేరేదాకా అద్దాలు దించే ఉంచింది. ఆ ఇంజన్ చప్పుడు దారిన పోయేవాళ్లు కూడా వినాలి మరి.