లిల్లీ వాసన

"కళ్లు తెరవొద్దు. ఊపిరి కూడా పెద్దగా తీయొద్దు," అన్నాడు డైరెక్టర్ ఒగివర.

ఆస్పత్రి సెట్లో మంచం మీద పడుకుని ఉంది హోనామి. టీవీ సీరియల్లో ఆమెది కత్తిపోటు తిన్న ఇన్‌స్పెక్టర్ వేషం. స్క్రిప్టు ప్రకారం సీను చివర చూపుడువేలు కదలాలి. వేలు కదిలితే ఇన్‌స్పెక్టర్ బతికినట్టు. వచ్చే ఏడాది సీరియల్లో హోనామి ఉన్నట్టు.

"మరి వేలు?"

"అది విడిగా తీద్దాంలెండి."

ఆ 'లెండి' ఆమెకు నచ్చలేదు.

ఒకప్పుడు పొట్టి గౌనులో, పాటల గ్రూపులో నడిమధ్య నిలబడి ఆడిపాడిన పిల్ల. గ్రూపు వదిలాక, "పాటలమ్మాయికి నటనేం వస్తుంది" అన్నవాళ్ల నోరు మూయించడానికే వయసంతా కరిగిపోయింది. శవం వేషాలు కూడా వేసింది. తల పక్కకి వాల్చి పళ్లన్నీ చూపించే ఆ పాత నవ్వును అద్దం ముందు కూర్చుని చంపుకుంది. ఈ ఇన్‌స్పెక్టర్ ఎప్పుడూ నవ్వదు. అందుకే ఈ వేషమంటే ప్రాణం.

లైట్లు వెలిగాయి. కళ్లు మూసుకుంది.

అప్పుడొచ్చింది వాసన. లిల్లీలు. తలుపు వైపు నుంచి, ఘాటుగా.

ఆస్పత్రికి లిల్లీలు ఎవరూ తేరు. రోగికి ఆ ఘాటు పడదని చిన్నపిల్లలకూ తెలుసు. బల్ల మీదున్నవేమో ప్లాస్టిక్ పూలు. అంటే ఇవి సీను కోసం వచ్చినవి కావు. వేషం ముగిసినవాళ్ల చేతిలో పూలగుత్తి పెట్టి, చప్పట్లు కొట్టి సాగనంపడం షూటింగుల్లో ఆనవాయితీ. ఇవాళ షూటింగ్ ఉన్నది తనొక్కదానికే.

"యాక్షన్."

హోనామి వేలు కదిపింది.

"కట్. వేలు కదిలిందండీ."

"స్క్రిప్టులో ఉందిగా."

ఒగివర మంచం దగ్గరికొచ్చి గొంతు తగ్గించాడు. "పైనుంచి మార్పొచ్చింది. మీ మేనేజర్‌కి నిన్ననే చెప్పాం. మీకు చెప్పలేదా?"

గోడవారగా నిలబడ్డ మేనేజర్ తొకురా ఫోన్లోంచి తలెత్తలేదు. "ఆఖర్న తెలిస్తే ఏడుపు సహజంగా వస్తుందన్నారు," అని గొణిగాడు. "వీడ్కోలు వీడియోకి."

రెండోసారి వేలు కదల్లేదు. అంత బాగా ఆమె ఎప్పుడూ చావలేదు.

"హోనామి గారికి ఇదే ఆఖరి షాట్," అని ప్రకటించారు. చప్పట్లు మోగాయి. పూలగుత్తితో వచ్చింది రిరిక. హోనామి వదిలేసిన గ్రూపులోనే తర్వాత చేరి, ఈమధ్యే బయటికొచ్చిన పిల్ల.

"ఇన్నాళ్లూ చాలా కష్టపడ్డారక్కా. ఇకనుంచి ఇన్‌స్పెక్టర్ని నేనే. మీ ఆశీస్సులు కావాలి."

"నవ్వకుండా ఉండగలవా?"

"ఎందుకక్కా? కొత్త ఇన్‌స్పెక్టర్ నవ్వుతుందట. జనానికి అదే కావాలట. మన గ్రూపులో మొదట నేర్పేది అదేగా."

వీడియో కెమెరా హోనామి మొహం మీదికి వచ్చి ఆగింది. అందరూ కన్నీళ్ల కోసం చూస్తున్నారు. చచ్చినా ఇవ్వదలచుకోలేదు. ఏదో ఒక మొహం పెట్టాలి గనక వెతుక్కుంది. తల దానంతటదే పక్కకి వాలింది. పళ్లన్నీ కనిపించాయి.

"అబ్బ, అచ్చం పాత హోనామే," అన్నారు కెమెరా వెనక ఎవరో, మురిసిపోతూ.

మళ్లీ చప్పట్లు కొట్టారు. ఈసారి ఇంకా గట్టిగా.